గ్రూపులో పోస్టులకు లెక్క పెడితే చర్చ బాగుపడుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను రెండు వాట్సాప్ గ్రూపులకు అడ్మిన్‌ని. ఒకటి మా పదో తరగతి బ్యాచ్‌ది, నేనే కోరి మొదలుపెట్టాను. రెండోది హైదరాబాద్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌ది. అసోసియేషన్ మీటింగ్‌కి ఆలస్యంగా వెళ్ళాను, నేను కూర్చునేసరికే నా పేరు రాసేసుకున్నారు. రెండు గ్రూపుల్లోనూ "మనిషికి రోజుకు ఇన్ని పోస్టులే" అని రూలు పెట్టాం, ఎత్తేశాం, మార్చి మళ్ళీ పెట్టాం. ఆ సంగతి తెలిసి మిగతా గ్రూపుల అడ్మిన్లు నాకు ఫోన్లు చేస్తుంటారు. అందరూ ఇంచుమించు ఇవే అడుగుతారు కాబట్టి ఒకచోట రాసిపెడుతున్నాను.

సూటిగా చెప్పండి. లిమిట్ పెడితే చర్చ మెరుగవుతుందా?

పోస్టులు తగ్గుతాయి. అంతవరకు గ్యారంటీ. చర్చ మెరుగవుతుందా అన్నది ఆ లిమిట్ దేని మీద పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. కొత్త విషయం ఎత్తడం మీద పెడితే మెరుగవుతుంది. ఎత్తిన విషయానికి జవాబు చెప్పడం మీద కూడా పెడితే గ్రూపు నీరసపడిపోతుంది. ఈ ముక్క నాకు అర్థమవడానికి ఏడాది పైగా పట్టింది.

ఎన్ని మెసేజ్‌లు వస్తే ఏం? ఇష్టం లేనివాళ్ళు మ్యూట్ చేసుకోవచ్చు కదా!

చేసుకుంటారు. వచ్చిన చిక్కే అది. మా అపార్ట్‌మెంట్‌లో ఒక వేసవిలో "రేపు ఉదయం ఎనిమిది నుంచి పది దాకా నీళ్ళు రావు, సంపు కడుగుతున్నారు" అని ముందురోజు సాయంత్రమే గ్రూపులో పెట్టాం. దాని మీద గంటలో పార్కింగ్ గొడవ, ఒక వంట వీడియో, ఎవరో బాబాగారి సూక్తులు వచ్చిపడ్డాయి. తెల్లారాక సబ్బు నురగతో బాత్‌రూమ్‌లోంచి ఫోన్లు చేసినవాళ్ళందరూ గ్రూపును మ్యూట్‌లో పెట్టుకున్నవాళ్ళే. వాళ్ళ తప్పేమీ లేదు. గ్రూపును మ్యూట్ చేసిన మనిషి మంచి మాట వచ్చిన రోజున కూడా చూడడు.

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. వాట్సాప్ పుట్టకముందు యూజ్‌నెట్ అనే చర్చావేదిక ఉండేది. క్వెంటిన్ జోన్స్, గిలాడ్ రవీద్, షెయిజాఫ్ రఫేలి అనే ముగ్గురు పరిశోధకులు అక్కడి 600 చర్చా బృందాల్లోంచి 26.5 లక్షల సందేశాలు తీసుకుని చూసి, 2004లో ఫలితాలు ప్రచురించారు. సందేశాల తాకిడి పెరిగేకొద్దీ మూడు సంగతులు కనబడ్డాయి: జనం తేలికపాటి మాటలకే బదులిస్తారు, తామిచ్చే బదులు కూడా పొట్టిగా తేలిగ్గా ఇస్తారు, కొందరు మాట్లాడటమే మానుకుంటారు. ఓపిగ్గా ఆలోచించి రాసిన నాలుగు పేరాల కింద ఒక్క జవాబూ లేక, "హ హ" కింద ముప్పై జవాబులు ఎందుకుంటాయో దీన్ని బట్టి చూసుకోండి. రద్దీలో అందరూ చేసేది అదే, మన గ్రూపులో మనుషులు ప్రత్యేకంగా చెడిపోలేదు.

"రోజుకు రెండే" అని పెట్టినప్పుడు మీ దగ్గర ఏం జరిగింది?

మొదటి వారం స్వర్గం. ఫోన్ చేతిలోకి తీసుకుంటే పదిహేను మెసేజ్‌లు, అన్నీ పనికొచ్చేవే. అసోసియేషన్ ప్రెసిడెంట్‌గారు లిఫ్ట్‌లో కనబడి నా భుజం తట్టారు.

రెండో వారం నుంచి వింతలు మొదలయ్యాయి. మా దగ్గర రిటైరైన ఇంజినీరుగారు ఒకాయన ఉన్నారు. మోటార్లు, పంపులు, జనరేటర్ ఏది మొరాయించినా ఆయనకే తెలుస్తుంది. ఒకరోజు ఆయన పొద్దున్నే తన రెండు పోస్టులూ వాడేశారు, ఒకటి ట్యాంకర్ లెక్క గురించి, రెండోది గేటు దగ్గర లైటు గురించి. సాయంత్రం ఎవరో "సంపు మోటార్ ఆగట్లేదు, ఓవర్‌హెడ్ ట్యాంకు పొర్లిపోతోంది, ఏ స్విచ్ తీయాలి?" అని అడిగారు. ఆయన చూశారు, జవాబు తెలుసు. కానీ రూలంటే రూలే అనుకునే తరం మనిషి. రాత్రి పన్నెండు దాటి అయిదు నిమిషాలకు పోస్టు పెట్టారు, "ప్యానెల్‌లో ఎడమవైపు రెండోది" అని. అప్పటికి కొన్న నీళ్ళన్నీ రోడ్డు మీద పారి డ్రైనేజీలో కలిశాయి. "ఫోన్ చేయొచ్చు కదండీ" అంటే, "గ్రూపులో అడిగినదానికి గ్రూపులోనే చెప్పాలని మీరేగా రాశారు" అన్నారు. నిజమే, అదీ నేను రాసిన రూలే.

ఇంకా ఉన్నాయి. రెండే అన్నాం కాబట్టి ఆ రెండింట్లోనే అన్నీ కుక్కడం మొదలైంది. పార్కింగ్, చెత్తబండి, మూడో అంతస్తు కుక్క, మెయింటెనెన్స్ బకాయిలు అన్నీ ఒకే పోస్టులో వచ్చేవి. కింద ఎవరైనా "కరెక్ట్" అంటే దేనికి కరెక్టో ఎవరికీ తెలియదు. కొందరు భార్య నంబర్, కొడుకు నంబర్ కూడా గ్రూపులో చేర్పించారు. ఇంటికి ఆరు పోస్టుల కోటా, రేషన్ కార్డులో పేర్లు ఎక్కించినట్టు. ఇక నేను అస్సలు ఊహించనిది ఒకటుంది. అంతకుముందు నెలకొక మాట కూడా అననివాళ్ళు "నాకింకా ఒకటి మిగిలింది" అనుకుని పడుకునే ముందు గుడ్ నైట్ బొమ్మ పెట్టడం మొదలుపెట్టారు. పైకి పోకుండా ఆపుదామని మేం కట్టిన కప్పు, వాళ్ళకు అందుకోవలసిన మెట్టుగా కనబడింది.

రెండు నెలలకు రూలు ఎత్తేశాం. ఎవరూ బాధపడలేదు, నేను తప్ప.

మరి పనికొచ్చిన లిమిట్ ఏది?

"కొత్త టాపిక్ మనిషికి రోజుకు ఒకటి. ఉన్న టాపిక్‌కి జవాబులు ఎన్నయినా, కాకపోతే రిప్లై నొక్కి ఇవ్వాలి." ఇంతే. ఒక్కటే ఎత్తాలన్నప్పుడు మనిషి ఏది ముఖ్యమో ముందు తనలో తాను తేల్చుకుంటాడు. జవాబు చెప్పగలిగినవాడి నోరు మాత్రం కట్టేయం.

ఇందులో నా గొప్పేం లేదు. చాలాకాలం నిలబడ్డ చోట్లన్నీ ఈ దారే పట్టాయని తర్వాత చూస్తే తెలిసింది. లోక్‌సభ తీసుకోండి. నోటిమాటగా జవాబివ్వాల్సిన నక్షత్రం గుర్తు ప్రశ్నలు రోజుకు 20, రాతపూర్వక జవాబుల ప్రశ్నలు 230. సభ్యులు వందల్లో ఉన్నారు కాబట్టి ఏవి జాబితాకెక్కాలో లాటరీ తీసి తేలుస్తారు. అంత బిగింపు పెట్టి కూడా, ఒక ప్రశ్న చర్చకు వచ్చాక దాని మీద అనుబంధ ప్రశ్నలు అడగనిస్తారు. గీత గీసింది కొత్త ప్రశ్నకే.

ప్రోగ్రామర్లు వాడే స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒక సభ్యుడు 24 గంటల్లో 6 ప్రశ్నలకు, 30 రోజుల్లో 50 ప్రశ్నలకు మించి అడగలేడు. సమాధానాల మీద ఆ బిగింపు లేదు. 1999లో మొదలైన మెటాఫిల్టర్ అనే చర్చల వెబ్‌సైట్‌లో ముందుపేజీ మీద కొత్త పోస్టు 24 గంటలకు ఒక్కటే పెట్టగలరు, దాని కింద మాట్లాడటానికి ఆ లెక్క వర్తించదు. అక్కడ సభ్యత్వానికి ఒకసారి 5 డాలర్లు కట్టాలనే నియమం కూడా పెట్టారు. మనవాళ్ళ దగ్గర ఆ పప్పులు ఉడకవు. మెయింటెనెన్స్ డబ్బులే మూడో రిమైండర్‌కి గానీ రావు.

లెక్క మంచిదా, విరామం మంచిదా? అంటే "రోజుకు ఇన్ని" అనాలా, "మాటకూ మాటకూ మధ్య ఇంత టైమ్" అనాలా?

గొడవలకైతే విరామమే మందు. టెలిగ్రామ్ 2019 ఆగస్టులో స్లో మోడ్ తెచ్చింది. గ్రూపులో ఒకరు ఒక మెసేజ్ పెట్టాక అడ్మిన్ నిర్ణయించిన సమయం గడిస్తే గానీ ఇంకోటి పెట్టలేరు. మొదట 30 సెకన్ల నుంచి గంట దాకా పెట్టుకునే వీలిచ్చారు. డిస్కార్డ్ అనే ఇంకో చాటింగ్ యాప్‌లో ఆ విరామం 6 గంటల దాకా పోతుంది. ఫేస్‌బుక్ 2021 జూన్‌లో గ్రూపు అడ్మిన్లకు ఇంకొంచెం సన్నటి పనిముట్టు ఇచ్చింది. ఫలానా సభ్యుడు ఎంత తరచుగా కామెంట్ చేయొచ్చో, ఫలానా పోస్టు కింద కామెంట్లు ఎంత వేగంగా పడొచ్చో వాళ్ళే నిర్ణయించుకోవచ్చు.

విరామం ఎందుకు పనిచేస్తుందో మా బ్యాచ్ గ్రూపులో చూశాను. ఎన్నికలొచ్చాయంటే ఇద్దరు మిత్రులు తగులుకుంటారు. ఇద్దరూ ఒకే బెంచీ వాళ్ళు, ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నవాళ్ళు. "ఒరేయ్, నువ్వు పేపర్ చదివే మాట్లాడుతున్నావా?" దగ్గర మొదలై పది నిమిషాల్లో నలభై మెసేజ్‌లు. మిగతావాళ్ళం గట్టు మీద కూర్చుని కోడిపందెం చూస్తున్నట్టు చూస్తాం. ఒకసారి ఆ పేచీ టెలిగ్రామ్‌లో మా బ్యాచ్‌కే ఉన్న ఇంకో గ్రూపులోకి పాకితే పావుగంట స్లో మోడ్ పెట్టాను. రెండో పావుగంటకు ఒకడు భోజనానికి వెళ్ళిపోయాడు. ఇంకొకడు అందాకా టైప్ చేసిందంతా చెరిపేసి "సరే, రేపు ఫోన్ చేస్తా" అని రాశాడు. కోపానికి వెంటనే బదులు కావాలి, పావుగంట ఆగమంటే చల్లారుతుంది.

ఇంగ్లిష్ వికీపీడియాలో కూడా ఈ రకం గీతే ఒకటుంది. ఒక పేజీలో ఎదుటివాళ్ళు చేసిన మార్పుల్ని ఒకే వాడుకరి 24 గంటల్లో మూడుసార్లకు మించి తిప్పికొట్టకూడదు. ఎంత రాస్తారన్నది వాళ్ళకు పట్టదు, ఎన్ని వందల మార్పులైనా చేసుకోనిస్తారు. ఇద్దరి మధ్య తాడులాగుడును మాత్రం పట్టుకున్నారు.

వాట్సాప్‌లో స్లో మోడ్ లేదు కదా?

లేదు. ఉన్నదాంతో సర్దుకోవాలి. 2018లో వచ్చిన "అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపగలరు" అనే సెట్టింగ్‌ను తలుపులా వాడుకోవచ్చు. గొడవ ముదిరితే అరగంట మూయడం, చెప్పి మూయడం, చెప్పిన టైమ్‌కి తెరవడం. "తొమ్మిదింటికి తెరుస్తాను" అని రాసి తొమ్మిదిన్నరకు తెరిస్తే ఆ అరగంటలో నా గురించి నాలుగు చిన్న గ్రూపులు పుడతాయి. పుట్టాయి కూడా.

ఎప్పటికీ అడ్మిన్లే పోస్ట్ చేసేలా ఉంచితే?

అప్పుడది నోటీసు బోర్డు. నోటీసు బోర్డు కావాలంటే విడిగా ఒకటి పెట్టుకోండి, నీళ్ళ సంగతి, కరెంటు సంగతి, మీటింగ్ తేదీ అందులో. మేం అదే చేశాం. 2022 నవంబర్‌లో వాట్సాప్ కమ్యూనిటీలు, అంటే కొన్ని గ్రూపుల్ని ఒకే గొడుగు కింద ఉంచే ఏర్పాటు, తెచ్చాక ఇది ఇంకా సులువైంది. సబ్బు నురగ ఫోన్లు ఆగిపోయాయి.

ఫార్వార్డుల సంగతేమిటి? అసలు బాధంతా వాటితోనే కదా!

అవును. లిమిట్ నిజంగా పనిచేసినట్టు అందరికీ కనబడింది కూడా అక్కడే. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలు తిరుగుతున్నాయంటూ వచ్చిన పుకార్లతో మన రాష్ట్రాలతో సహా దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని జనం కొట్టారు, ప్రాణాలు పోయాయి. ఆ జులైలో వాట్సాప్ భారత్‌లో ఒక మెసేజ్‌ను ఒకసారికి 5 చాట్లకే ఫార్వార్డ్ చేసేలా కట్టడి పెట్టింది. 2019 జనవరిలో ప్రపంచమంతా అదే లెక్క చేసింది. కరోనా మొదలైన 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా బిగించింది. ఆ తర్వాత అలాంటి మెసేజ్‌లు 70 శాతం తగ్గాయని కంపెనీయే చెప్పింది. కంపెనీ తన గురించి తాను చెప్పుకున్న లెక్క కాబట్టి ఆ మేరకే తీసుకుందాం.

ఈ కట్టడి ఎవరి నోరూ నొక్కలేదని గమనించండి. కావాలంటే అదే మాటను మీరు సొంతంగా టైప్ చేసి వంద మందికి పంపొచ్చు. ఆలోచించకుండా వేలితో తోసేసే పనికి మాత్రమే కొంచెం శ్రమ జోడించారు. మా అపార్ట్‌మెంట్ రూలు కూడా ఇప్పుడు అలాగే ఉంది: ఫార్వార్డ్ పెట్టాలంటే, అది ఎందుకు చదవాలో పైన మీ సొంత వాక్యం ఒకటి తెలుగులోనో, ఇంగ్లిష్ అక్షరాల తెలుగులోనో రాయాలి. ఆ ఒక్క వాక్యం రాయలేక ఎన్ని ఫార్వార్డులు ఆగిపోయాయో!

పోస్టు పొడవుకు లిమిట్ పెడితే?

నేను వద్దంటాను. ట్విటర్ 140 అక్షరాల గీతను 2017 నవంబర్‌లో 280కి పెంచినప్పుడు అందరూ చాంతాడంత రాస్తారని భయపడ్డారు. ఆ కంపెనీ మర్నాటి ఏడాది చెప్పిన లెక్కల్లో ఇంగ్లిష్ ట్వీట్లలో 280 దాకా వెళ్ళినవి 1 శాతమే. పాత గీత ఉన్నప్పుడు 9 శాతం దానికి తల కొట్టుకునేవి. ఎక్కువగా కనబడే పొడవు 34 అక్షరాల నుంచి 33కి దిగింది. చోటిచ్చినంత మాత్రాన జనం నింపేయలేదు.

పైగా పొడవు లెక్క తెలుగుకు అన్యాయం చేస్తుంది. మనం "స్త్రీ" అని రాస్తే కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్ లెక్కలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, వెరసి ఆరు. గుణింతాలు, ఒత్తులు ఉన్న భాషలో అక్షరాలు కొలిచి మాట కత్తిరించడమంటే కూరలో ఆవగింజలు లెక్కపెట్టడమే.

కాకపోతే ఒకటి అడగొచ్చు. మనవాళ్ళలో చాలామంది ఒక్క మాటను ముక్కలు చేసి పంపుతారు. "అన్నా" అని ఒకటి, "ఒక చిన్న విషయం" అని ఒకటి, "నిన్న మీటింగ్‌లో" అని ఒకటి, ఆ తర్వాత నాలుగు నిమిషాలు మౌనం. ఫోన్ నాలుగుసార్లు మోగింది, విషయం ఇంకా రాలేదు. "మాట పూర్తిచేసి ఒకేసారి పంపండి" అన్న ఒక్క విన్నపం మా మెసేజ్‌ల సంఖ్యను ఏ లిమిటూ తగ్గించనంతగా తగ్గించింది.

గుడ్ మార్నింగ్‌లు, పుట్టినరోజులు, సంతాపాలు కూడా లెక్కలోకి వస్తాయా?

ఇక్కడ మన అష్టావధానం ఒక ఉపాయం చెబుతుంది. నాకు అవధానాలంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. వేదిక మీద పద్యాలతో జవాబిచ్చే అవధాని, ఆయన్ని ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకులు. సమస్య ఇచ్చేవారు, దత్తపది ఇచ్చేవారు, నిషిద్ధాక్షరితో అడుగడుగునా అక్షరం ఆపేవారు, ఇలా ఒక్కొక్కరికీ ఒక పని, ఒక వంతు. ఒక ఆవృత్తిలో తన వంతు అయిపోతే మళ్ళీ తిరిగి వచ్చేదాకా ఆగాలి. ఆ ఎనిమిది మందిలో ఒకరికి అప్రస్తుత ప్రసంగం అప్పగిస్తారు. అవధాని ఏకాగ్రత చెడగొట్టడమే ఆయన పని. "అవధానిగారూ, మీ ఆవిడ ఇవాళ ఏం కూర చేసింది?" లాంటివి మధ్యమధ్యలో విసురుతుంటారు, సభ పగలబడి నవ్వుతుంది. అప్రస్తుతాన్ని పెద్దలు నిషేధించలేదు, కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కాకపోతే ఒక్కటే కుర్చీ.

మా బ్యాచ్‌లో ఆ కుర్చీ పేరు "సోది" గ్రూపు. జోకులు, పాటలు, గులాబీ పువ్వులు, క్రికెట్ అన్నీ అక్కడ, లిమిట్ లేదు. నిజం చెప్పాలంటే అసలు గ్రూపు కంటే అదే కళకళలాడుతుంది. చేరడం, చేరకపోవడం ఎవరిష్టం వాళ్ళది.

పుట్టినరోజులకు ఒకరు పోస్టు పెడతారు, మిగతావాళ్ళు దాని మీద బొమ్మ నొక్కుతారు. 2022 మేలో వాట్సాప్‌లో రియాక్షన్లు వచ్చిన దగ్గర్నుంచి అరవై "హ్యాపీ బర్త్‌డే రా" లు ఒక్క వరుసలో సర్దుకున్నాయి.

సంతాపం మాత్రం లెక్కలోకి రాదు. మొదటి రూలు నడుస్తున్న రోజుల్లో మా బ్యాచ్‌లో ఒకరి అమ్మగారు పోయారు. ఆవిడ చేతి అన్నం తిననివాడు మా క్లాసులో లేడు. ఆరోజు ఒకడు అప్పటికే తన లెక్క దాటి ఉన్నా రెండు వాక్యాలు రాశాడు. ఇంకో అడ్మిన్ అలవాటు కొద్దీ "రూలు చూసుకోరా" అని పెట్టాడు. చాలా తప్పు జరిగిపోయింది. ఇద్దరూ ఇప్పటికీ సరిగ్గా మాట్లాడుకోరు. చావు కబురు వచ్చిన రోజున అడ్మిన్ చేయాల్సిన పని ఫోన్ పక్కన పెట్టి ఆ ఇంటికి వెళ్ళడం.

లిమిట్ పెడితే ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు మాట్లాడతారా?

దానంతటదే జరగదు. వెబ్‌సైట్ల వాడకం మీద పరిశోధన చేసే జేకబ్ నీల్సన్ 2006లో ఒక అంచనా చెప్పాడు, నూటికి 90 మంది చూసి ఊరుకుంటారు, 9 మంది అప్పుడప్పుడు కల్పించుకుంటారు, ఒక్కరే రాత బరువంతా మోస్తారని. మా రెండు గ్రూపులూ కొంచెం అటూఇటూగా ఇలాగే ఉన్నాయి. ఆ ఒక్కడి నోరు కట్టేస్తే 90 మంది లేచి మాట్లాడతారనుకోవడం, మైకు ముందు మనిషిని పక్కకు లాగితే జనంలోంచి ఇంకొకరు ఎక్కుతారనుకోవడం లాంటిది. మైకు ఖాళీగా ఉండిపోతుంది.

మాట్లాడించాలంటే పిలవాలి. మా అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్ళు గ్రూపులో ఉన్నా రాసేవాళ్ళు కాదు. నీళ్ళు ఎన్నింటికి వదలాలని చర్చ వస్తే, ఆ నీళ్ళు పట్టుకోని మగవాళ్ళమే వాదించుకునేవాళ్ళం. నా భార్య ఒకరోజు నవ్వి, "మీ సభలో మాకు పిలుపు లేదుగా" అంది. ఆ తర్వాత ఇలాంటి విషయం వచ్చినప్పుడు "రెండో అంతస్తు పద్మక్కా, మీకు ఏ టైమ్ వీలు?" అని పేరు పెట్టి అడగడం మొదలుపెట్టాం. పోల్ పెట్టడం కూడా బాగా పనిచేసింది. రాయడానికి మొహమాటపడేవాళ్ళు కూడా ఓటు నొక్కుతారు. ముందు నొక్కుతారు, నెల తర్వాత "ఆరింటికైతే ఇంకా మంచిది" అని ఒక ముక్క రాస్తారు. ఈ పిలుపుకు లిమిట్ సాయం చేసింది, అది మాత్రం ఒప్పుకోవాలి. అంతకుముందయితే పేరు పెట్టి పిలిచిన పోస్టు ఆవిడ చూసేలోపే ఇరవై మెసేజ్‌ల కిందకి జారిపోయేది.

మా గ్రూపులో సగం మంది అమెరికాలో ఉన్నారు. "రోజు" అంటే ఎవరి రోజు?

దీని మీద మా బ్యాచ్‌లో రెండు రోజులు చర్చ జరిగింది, లిమిట్ లేకుండా. డాలస్‌కీ మనకీ ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. మన అర్ధరాత్రి లెక్క పెడితే అక్కడివాళ్ళకు మధ్యాహ్నం భోజనాల వేళ రోజు మారుతుంది. పైగా వాళ్ళు తీరిగ్గా రాసే సాయంత్రానికి మనకు తెల్లవారి, మనవాళ్ళు కొత్త టాపిక్‌లు ఎత్తేసి ఉంటారు. క్యాలెండర్ రోజు వదిలేసి "మీ పోయిన టాపిక్ పెట్టి 24 గంటలు గడవాలి" అనుకున్నాం, పేచీ తీరింది. సిడ్నీలో ఉన్నవాడు మాత్రం "నేను మీ అందరికంటే ముందే రేపట్లో ఉంటానురా" అంటూ ఇప్పటికీ ఏడిపిస్తాడు.

అతిగా పోస్ట్ చేసేది ఒక్కడే. వాడి కోసం అందరికీ రూలా?

అక్కర్లేదు. ఫోన్ చేయండి. గ్రూపులో కాదు, విడిగా. మా దగ్గర రోజుకు ముప్పై పెట్టే పెద్దాయన ఒకరున్నారు. కోపంగా ఫోన్ చేశాను. పిల్లలు ఇద్దరూ విదేశాల్లో, భార్య పోయి ఏడాది, పొద్దున లేస్తే మాట్లాడటానికి మనిషి లేడు. ఆ తర్వాత పోస్టుల సంగతి ఎత్తలేదు. సాయంత్రం పార్కులో నడిచే బ్యాచ్‌లో చేర్చాం. పోస్టులు వాటంతటవే అయిదారుకు దిగాయి.

అందరి విషయంలోనూ ఇంత మెత్తని కారణం ఉండదు. రియల్ ఎస్టేట్ ప్రకటనలు పెట్టేవాడికి రెండుసార్లు చెప్పి మూడోసారి తీసేయడమే.

అడ్మిన్‌కి కూడా లిమిట్ వర్తిస్తుందా?

వర్తించాలి. నాకు వర్తించని రోజుల్లో అందరికంటే ఎక్కువ పోస్టులు నావే, అన్నీ రూలు గుర్తుచేసేవి.

సభ్యులు పెట్టినదానికి అడ్మిన్ మీద కేసు పడుతుందని భయపెడుతున్నారు. అందుకని లిమిట్ పెట్టాలా?

ఆ భయంతో పెట్టొద్దు. సభ్యుడు పెట్టిన పోస్టుకు, అడ్మిన్ కూడా అందులో కలిసి ఉంటే తప్ప, కేవలం అడ్మిన్ అయినందుకు బాధ్యుడు కాడని 2021లో బాంబే హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అలాగని ద్వేషం నింపే పోస్టు చూస్తూ ఊరుకోమని కాదు. 2022 నుంచి అడ్మిన్ ఎవరి మెసేజ్‌నైనా అందరికీ పోయేలా తీసేయగలడు. లిమిట్ కంటే ఆ బటనే ఎక్కువ ఉపయోగపడుతుంది.

మెరుగైందో లేదో ఎలా తెలుస్తుంది?

మెసేజ్‌ల సంఖ్య చూడొద్దు, అది మోసం చేస్తుంది. నేను చూసేవి వేరే. ఎవరైనా నిజంగా అవసరమైన ప్రశ్న అడిగితే పనికొచ్చే మొదటి జవాబు ఎంతసేపటికి వచ్చింది? వారంలో ఎన్ని వేర్వేరు పేర్లు కనబడ్డాయి? అడిగిందే మళ్ళీ అడుగుతున్నారా? "లెఫ్ట్" అని చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఎవరు? వెళ్ళినవాళ్ళలో ఇద్దరిని అడిగాను. ఒకరు గోల ఎక్కువైందన్నారు. రెండోవారు, "రూలు పెట్టాక మాట్లాడాలంటే ఆఫీసులో లీవు అడిగినట్టుంది" అన్నారు. రెండూ రాసిపెట్టుకున్నాను.

లిమిట్ ఎప్పుడు ఎత్తేయాలి?

ఆపద వచ్చినప్పుడు, ఎవరినీ అడక్కుండా. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వాన గుర్తుంది కదా. మా సెల్లార్‌లోకి నీళ్ళు రావడం మొదలైంది. ఆ రాత్రి గ్రూపులో "బైకులు పైకి తెండి", "జనరేటర్ ఆపండి", "అయిదో అంతస్తులో ఆక్సిజన్ మీద ఉన్న పెద్దావిడ దగ్గరకు ఎవరైనా వెళ్ళండి" అంటూ వందల మెసేజ్‌లు. ఒక్కటీ వృథా కాదు. రూలు ఉందన్న సంగతే ఎవరికీ గుర్తు లేదు, నాతో సహా. ఇంజినీరుగారు ఒక్కరే పాతిక పోస్టులు పెట్టి ఉంటారు, ఏ స్విచ్ ముందు తీయాలో, ఏది తర్వాతో.

నీళ్ళు తీసేశాక కూడా రూలు మళ్ళీ పెట్టాలని ఎవరికీ తట్టలేదు. పది రోజుల తర్వాత ఒక ఉదయం గులాబీ పువ్వుతో గుడ్ మార్నింగ్ వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది.